ఇటలీ ద్రాక్షతోటల్లో గైడ్‌తో నడక యాత్ర: డబ్బు కట్టే ముందు నుంచి సీసా ఇంటికి చేరేదాకా

"ఇటలీలో వైన్ ఊళ్ల మధ్య గైడ్ తీసుకెళ్తూ నడిపించే టూర్లు ఉంటాయట కదా, మేం చేయగలమా? శాకాహారం దొరుకుతుందా? మందు ముట్టని వాళ్లు వెళ్తే దండగేనా?" ఈ మూడు ప్రశ్నలు ఎంతమంది అడిగారో! ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే నయమనిపించింది.

చేయగలరు. దొరుకుతుంది. దండగ కాదు. కాకపోతే ఈ యాత్ర చెడిందంటే అది వైన్ వల్లనో ఇటలీ వల్లనో చెడదు, ముందే అడగాల్సినవి అడక్కపోవడం వల్ల చెడుతుంది. మోకాళ్లు, బూట్లు, తిండి, ఈ మూడూ డబ్బు కట్టే ముందు తేల్చుకుంటే మిగతాదంతా గైడే చూసుకుంటాడు.

ఉదాహరణకి ఒక ప్రాంతం తీసుకుంటాను: ఇటలీకి వాయవ్య మూలన పియెమోంతె రాష్ట్రంలో ఉన్న లాంగే కొండలు. బరోలో, బార్బరెస్కో వైన్లు పుట్టేది ఇక్కడే. లాంగే, పక్కనే ఉన్న రోయెరో, మోన్‌ఫెర్రాతో ద్రాక్షతోటలను 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక కొండ మీద ఊరు, దిగితే తోట, మళ్లీ ఎక్కితే ఇంకో ఊరు, ఆ ఊళ్లో ఒక కోట. కాలినడకకే పుట్టిన చోటు అనిపిస్తుంది.

ఏమేం కావాలి

- పట్టు బాగా ఉన్న నడక బూట్లు, బయల్దేరేనాటికి కనీసం నెల రోజులు వాడినవి. కొత్తవి వద్దు
- పల్చటి వాన జాకెట్, ఉన్ని సాక్సులు రెండు మూడు జతలు
- 15 నుంచి 20 లీటర్ల వీపు సంచి, లీటరున్నర నీళ్లు పట్టే సీసాలు
- నడక కర్రలు, ముఖ్యంగా నలభై దాటిన వాళ్లకి. చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి, చేతి సామానులో చాలాచోట్ల ఆపేస్తారు
- బొబ్బలకి ప్లాస్టర్లు, మీరు రోజూ వేసుకునే మందులు, వాటి ప్రిస్క్రిప్షన్
- షెంజెన్ వీసా (ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా), కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు కవర్ చేసే ట్రావెల్ ఇన్సూరెన్స్
- సన్నటి రెండు పిన్నుల ఛార్జర్. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి

1. ముందు ఏ రకం టూరో తేల్చుకోండి

మూడు రకాలు ఉంటాయి. మొదటిది పూర్తి గైడెడ్ గ్రూపు: గైడ్ రోజంతా మీతోనే నడుస్తాడు, సామాను వ్యానులో తర్వాతి హోటల్‌కి చేరుతుంది. రెండోది, కంపెనీ హోటళ్లు బుక్ చేసి, దారి మ్యాపు ఫోన్‌లో వేసిచ్చి, సామాను మాత్రం చేరవేస్తుంది, నడక మీ అంతట మీరే. మూడోది, లాంగేలోని ఆల్బా పట్టణంలోనో లా మోర్రా ఊళ్లోనో ఒకేచోట బస చేసి రెండు మూడు రోజులకి మాత్రం స్థానిక గైడ్‌ని మాట్లాడుకోవడం.

విదేశంలో కొండదారి నడక మొదటిసారైతే మొదటిది తీసుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ తోటల యజమానులతో మాట్లాడించేది, వంటగదిలోకి వెళ్లి మీ భోజనం గురించి చెప్పేది గైడే. అమ్మానాన్నలతో వెళ్తుంటే మాత్రం మూడోది మేలు. రోజూ పెట్టె సర్దే పని ఉండదు, నడవలేని రోజు వాళ్లు ఊళ్లోనే ఉండిపోవచ్చు.

గుడ్డు కూడా తినని ఇల్లైతే ఒక మాట. లాంగే వదిలేసి టస్కనీలోని కియాంతి లేదా వాల్ దోర్చా వైపు చూడండి. అక్కడ పీచి అనే లావు సేమ్యా లాంటి పాస్తాని మామూలుగా పిండి, నీళ్లతోనే చేస్తారు, టమాటా వెల్లుల్లి సాస్‌తో పెడతారు. లాంగేలో ఇంటి పాస్తా అంటే గుడ్డు పచ్చసొనే ప్రధానం.

2. నెల ఎంచుకోండి

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య దాకా, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్. జులై, ఆగస్టుల్లో ఎండ మనకి అలవాటే అనుకోకండి. తోటల మధ్య చెట్టు నీడ ఉండదు, పైగా ఆగస్టు 15 పండగ చుట్టుపక్కల చాలా వైన్ తయారీదారులు, హోటళ్ల వాళ్లు సెలవులో ఉంటారు.

కోతలు చూడాలంటే: దోల్చెత్తో ద్రాక్ష ముందు, సాధారణంగా సెప్టెంబర్‌లో కోస్తారు. బరోలోకి వాడే నెబ్బియోలో చివర్లో పండుతుంది, ఎక్కువగా అక్టోబర్‌లో. అయితే కోతల రోజుల్లో చిన్న తయారీదారులకి మీతో కూర్చునే తీరిక ఉండదని గుర్తుంచుకోండి.

అక్టోబర్, నవంబర్లలో ఆల్బాలో తెల్ల ట్రఫుల్ సంత జరుగుతుంది. ట్రఫుల్ అంటే మట్టిలో చెట్ల వేళ్ల దగ్గర పెరిగే ఒక రకం పుట్టగొడుగు, కుక్కలతో వెతికిస్తారు. ఆ శని, ఆదివారాల్లో గదులు దొరకవు, దొరికినా రేటు మండిపోతుంది. అప్పుడే వెళ్లాలంటే మధ్య వారంలో పెట్టుకోండి. ఇంకో సంగతి, అక్టోబర్ చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచే సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, నడక త్వరగా ముగించాలి.

3. డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు మెయిల్‌లో అడగండి

ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. రాతలో జవాబు ఉండాలి.

మొదటిది: రోజుకి ఎన్ని కిలోమీటర్లు అని కాదు, ఎన్ని మీటర్లు ఎక్కాలి, ఎన్ని మీటర్లు దిగాలి అని. బ్రోచర్‌లో "సులువైన నడక, 14 కిలోమీటర్లు" అని ఉంటుంది. దాన్ని చూసి కేబీఆర్ పార్కులో రోజూ నడుస్తాం కదా అనుకుంటారు చాలామంది. కొండ లెక్క వేరు. లా మోర్రా 513 మీటర్ల ఎత్తున ఉంది, బరోలో ఊరు దాదాపు 300. రెండింటి మధ్య దూరం ఐదు కిలోమీటర్లు అటూ ఇటూ, అంతలోనే 200 మీటర్లు దిగాలి, ఆ తర్వాత మోన్‌ఫోర్తె వైపు మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి.

మీరే లెక్క వేసుకోవచ్చు. గంటకి నాలుగు కిలోమీటర్లు పెట్టుకోండి, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకి పది నిమిషాలు కలపండి. 14 కిలోమీటర్లు, 450 మీటర్ల ఎక్కుడు అంటే మూడున్నర గంటలు, దానికి ముప్పావు గంట, మొత్తం నాలుగుంబావు. ఫొటోలు, నీళ్లు, భోజనం కలిపితే ఉదయం తొమ్మిదికి బయల్దేరి మూడు, మూడున్నరకి చేరతారు. ఈ లెక్క మీ ఇంట్లో అందరికీ సరిపడుతుందా అన్నది అప్పుడు ఆలోచించండి.

మిగతా ప్రశ్నలు:

- మధ్యలో ఎవరైనా నడవలేకపోతే వ్యాను వచ్చి ఎక్కించుకుంటుందా? రోజులో ఏ చోట? ఈ కొండ ఊళ్లలో టాక్సీ చేయెత్తితే ఆగేది కాదు, ముందే పిలవాలి, ఆదివారం బస్సులు బాగా తక్కువ
- గ్రూపులో గరిష్ఠంగా ఎంతమంది? పన్నెండు దాటితే నెమ్మదిగా నడిచేవాళ్లు వెనకబడి ఒంటరైపోతారు
- గైడ్ ఇంగ్లిష్ ఎంత మాట్లాడతాడు, నడక గైడ్‌గా అర్హత ఏమిటి?
- వైన్ రుచి చూపించేది నడక ముందా, తర్వాతా?
- ఏ భోజనాలు ధరలో కలిసి ఉన్నాయి? హోటల్ దగ్గర రాత్రికి ఇంత అని కట్టే పర్యాటక పన్ను కలిసిందా?
- కనీస సంఖ్య రాకపోతే టూర్ రద్దు చేస్తారా, ఎన్ని రోజుల ముందు చెప్తారు?
- వీసా రాకపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారు?

చివరిదానికి చాలామంది సూటిగా జవాబివ్వరు. సూటి జవాబు వచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి, నేనైతే కట్టను. యూరప్‌లో ప్యాకేజీ టూర్ అమ్మే కంపెనీలకి దివాలా తీస్తే కస్టమర్ల డబ్బు తిరిగొచ్చే రక్షణ ఉండాలని చట్టం ఉంది, ఆ వివరం వాళ్ల షరతుల కాగితంలో ఉందో లేదో చూడండి.

4. వీసా

ఎక్కువ రోజులు ఇటలీలోనే ఉంటే ఇటలీకే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. కానీ ఆ 15 రోజుల మాట నమ్ముకోకండి, వేసవిలో అపాయింట్‌మెంటే దొరకదు. సెప్టెంబర్ ప్రయాణమైతే మే నెలలోనే పని మొదలుపెట్టండి. ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, వీసా సెంటర్ సర్వీసు ఛార్జీ అదనం. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

నడక యాత్రల్లో రోజుకో హోటల్ మారతారు కాబట్టి ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. ఏ తేదీన ఏ ఊళ్లో ఏ హోటల్ అన్నది కంపెనీ లెటర్‌హెడ్ మీద, మీ అందరి పేర్లతో, పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరాలతో రాయించుకోండి. తర్వాత ఆ కాగితం, విమాన టికెట్, ఇన్సూరెన్స్ మూడూ పక్కపక్కన పెట్టి తేదీలు వేలితో చూపిస్తూ సరిచూడండి. ఒక్క రాత్రి ఖాళీ కనిపించినా ప్రశ్న వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి: గ్రీన్‌కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టు అయితే షెంజెన్ వీసా కావాలి. హెచ్-1బీ వాళ్లు తిరిగి రావడానికి పాస్‌పోర్టులో చెల్లే స్టాంపు ఉందో లేదో ముందు చూసుకుని తర్వాతే టూర్ మాట.

5. కాళ్లు సిద్ధం చేసుకోండి: ఎనిమిది వారాలు

అందరూ ఎక్కడం ప్రాక్టీసు చేస్తారు. ఇక్కడ నొప్పి పుట్టించేది దిగడం. కాబట్టి ఇంట్లో లిఫ్ట్ మానేసి మెట్లు దిగండి, రోజూ. మొదటి రెండు వారాలు రోజుకి ఐదు కిలోమీటర్లు, తర్వాత వారాంతంలో ఒకరోజు 8, అలా పెంచుతూ 14 దాకా తీసుకెళ్లండి. అలిపిరి మెట్లు ఎక్కే అలవాటున్న వాళ్లకి ఆ 3,550 మెట్లు మంచి కొలత. ఎక్కాక బస్సులో దిగిపోకుండా వీలైతే కొంతదూరం నడిచే దిగండి. కొండపైకి చెప్పుల్లేకుండా వెళ్లేవాళ్లయితే బూట్ల ప్రాక్టీసు మాత్రం వేరేచోట చేసుకోవాలి.

సిద్ధమయ్యారో లేదో ఎలా తెలుస్తుంది? ప్రయాణానికి మూడు వారాల ముందు శని, ఆదివారాలు వరసగా 12 కిలోమీటర్ల చొప్పున, అవే బూట్లు, అదే సంచి, అందులో లీటరున్నర నీళ్లతో నడవండి. సోమవారం ఉదయం మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే మీకు కర్రలు తప్పనిసరి, టూర్‌లో ఒక రోజు చిన్న దారి అడగండి. మడమ మీద బొబ్బ వస్తే బూటు మార్చడానికి ఇంకా టైం ఉంది. ఏమీ లేకపోతే నిశ్చింతగా వెళ్లండి.

6. తిండి గురించి మూడుసార్లు చెప్పండి

బుక్ చేసేటప్పుడు ఒకసారి, వారం ముందు మెయిల్‌లో ఒకసారి, మొదటి రాత్రి గైడ్‌కి ఎదురుగా ఒకసారి. "వెజిటేరియన్" అంటే చేపలు తింటారేమో అనుకునేవాళ్లు అక్కడ ఉంటారు, కాబట్టి ఏమేం తినరో పేర్లు పెట్టి చెప్పాలి. "సెంత్సా కార్నె, సెంత్సా పేషె, సెంత్సా అచ్చూగె" అంటే మాంసం, చేప, ఆంచొవీలు వద్దు అని. ఆ మూడో మాట మర్చిపోవద్దు. పియెమోంతె వంటలో ఉప్పులో ఊరబెట్టిన ఆ చిన్న చేప ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది.

చూడ్డానికి శాకాహారంలా ఉండి కానివి:

- బాన్యా కావ్దా: పచ్చి కూరగాయలు ముంచుకుని తినే వేడి వెల్లుల్లి నూనె. అందులో ఆంచొవీలు ఉంటాయి
- ఆకుపచ్చ చట్నీ లాంటి సాస్, కాల్చిన క్యాప్సికం: వీటిలోనూ అవే
- రిజొత్తో: తరచూ మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, అడగాలి
- ఆన్యొలొత్తి దెల్ ప్లిన్: చిటికెతో నొక్కి మూసిన చిన్న పాస్తా పొట్లాలు, లోపల మాంసం
- పన్నా కొత్తా: మీగడతో చేసే తీపి వంటకం, గట్టిపడటానికి జంతువుల నుంచి తీసే జెలటిన్ వేస్తారు
- పర్మిజానో చీజ్: పాలు విరగడానికి దూడ పొట్టనుంచి తీసిన రెనెట్ వేసి చేస్తారు. కొందరికి పట్టింపు ఉండదు, ఉన్నవాళ్లు తెలుసుకోవాలి

హాయిగా తినగలిగేవి: వెన్న, సేజ్ ఆకులతో తయరీన్ పాస్తా (గుడ్డు ఉంటుంది), చీజ్ సాస్‌తో ఆలుగడ్డ న్యోక్కి, రకరకాల చీజ్‌లు, ఇక్కడి హేజల్‌నట్‌తో చేసే కేకు. ఈ గింజకి లాంగే పెట్టింది పేరు, ఫెర్రెరో కంపెనీ పుట్టింది ఆల్బాలోనే. తెల్ల ట్రఫుల్ కూడా శాకాహారమే. టేబుల్ దగ్గరే వేడి పాస్తా మీద రేకులు రేకులుగా తురుముతారు, చాలాచోట్ల తురమక ముందూ తర్వాతా తూచి గ్రాముల లెక్కన బిల్లు వేస్తారు. గ్రాము ఎంతో అడిగి, ఎన్ని గ్రాములు చాలో మీరే చెప్పండి, అడగడంలో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

పొడులు పట్టుకెళ్లండి. కందిపొడి, కరివేపాకు పొడి సీలు వేసిన ప్యాకెట్లలో చెక్-ఇన్ లగేజీలో పెట్టుకోండి. నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వదిలేయండి.

మధ్యాహ్నం వంటగదులు పన్నెండున్నర నుంచి రెండు దాకా, రాత్రి ఏడున్నర తర్వాతే. మధ్యలో ఆకలేస్తే ఏమీ దొరకకపోవచ్చు. పల్లీచిక్కీ సంచిలో ఉండాలి.

7. చేరుకోవడం

దగ్గర్లోని పెద్ద విమానాశ్రయం టురిన్, ఎక్కువ విమానాలు దొరికేది మిలాన్ మల్పెన్సా. టురిన్ నుంచి ఆల్బాకి లోకల్ రైలు ఉంది, గంట పైచిలుకు. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు స్టేషన్‌లోని మిషన్‌లో ముద్ర వేసుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు. 2025 అక్టోబర్ నుంచి షెంజెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా వచ్చింది, క్యూ పెద్దగా ఉండొచ్చు. కనెక్షన్ మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. టూర్ మొదలయ్యే ముందురోజే చేరండి, విమానం దిగిన రోజే నడక పెట్టుకోవద్దు.

8. నడిచే రోజు

ఉదయం గైడ్ దారి చెప్పేటప్పుడు రెండు అడగండి: మొదటి మరుగుదొడ్డి ఎక్కడ, నీళ్లు నింపుకునేది ఎక్కడ. ఆడవాళ్లు అడగడానికి సంకోచిస్తారు, తోటల మధ్య రెండు గంటలు ఏమీ ఉండదు, కాబట్టి తప్పకుండా అడగాలి. ఊళ్లలో వీధి కుళాయి నీళ్లు తాగొచ్చు, "నాన్ పొటాబిలె" అని బోర్డుంటే మాత్రం తాగకూడదు.

వాన పడిన మర్నాడు జాగ్రత్త. ఇక్కడి నేల సున్నం కలిసిన బంకమట్టి. బూటు అడుగున పొరలు పొరలుగా అంటుకుని అరకిలో బరువు పెరుగుతుంది, గాళ్లు నిండిపోయి పట్టు పోతుంది. తోట అంచున రాయి కనబడినప్పుడల్లా అడుగు గీకి మట్టి వదిలించుకోండి, దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి. గట్టి వానైతే తారు రోడ్డు దారిన తీసుకెళ్లమని గైడ్‌ని అడగొచ్చు, అందులో తప్పేం లేదు.

ద్రాక్ష కోయకండి, ఒక్కటి కూడా. గుత్తి అందంగా చేతికందేలా ఉంటుంది, కానీ అది ఒకరి ఏడాది పంట. పైగా పురుగుమందు కొట్టి ఉండొచ్చు.

శరదృతువులో వేట కాలం, సెప్టెంబర్ నుంచి జనవరి దాకా. అడవి పాయల్లో గైడ్ చెప్పిన దారి వదలొద్దు, ముదురు రంగులు కాకుండా నారింజ, పసుపు లాంటివి వేసుకోండి. గడ్డిలో నడిచిన రోజు సాయంత్రం స్నానానికి ముందు మోకాలి వెనక, నడుము దగ్గర పిడుదులు అంటుకున్నాయేమో చూసుకోండి. ఏ ప్రమాదమైనా 112కి ఫోన్ చేయాలి.

దారిలో లా మోర్రా కింద బ్రునాతె తోటల్లో రంగురంగుల చిన్న ప్రార్థనా మందిరం వస్తుంది. తోట పనివాళ్లు గాలివానకి తలదాచుకోవడానికి ఉపయోగపడిన కట్టడం, పాడుపడితే 1999లో చిత్రకారులు సోల్ లెవిట్ బయట, డేవిడ్ ట్రెమ్లెట్ లోపల రంగులు వేశారు. గైడ్ పది నిమిషాలే ఇస్తానంటే ఇరవై అడగండి, ఆ లోపలి గోడల కోసం.

9. వైన్ రుచి చూడటం

నడక అయిపోయాకే పెట్టించుకోండి. బరోలోలో మామూలుగా ఆల్కహాల్ 14 శాతం చుట్టూ ఉంటుంది, ఆ తర్వాత జారుడు దారి దిగడం ప్రమాదం.

దోల్చెత్తో, బార్బెరా, నెబ్బియోలో, చివరికి బరోలో. తేలికదాని నుంచి బరువుదానికి వెళ్తారు. గ్లాసులో కొద్దిగానే పోస్తారు. కాడ పట్టుకుని, తెల్ల కాగితం మీదికి వంచి అంచు చూడండి. బరోలో రంగు చిక్కగా ఉంటుందనుకుంటారు, కానీ పల్చగా, అంచున ఇటుక రంగులో కనబడుతుంది. వాసన చూసి, ఒక గుక్క నోటినిండా తిప్పండి. చిగుళ్లు, నాలుక ఒక్కసారిగా బిగుసుకుని ఎండిపోతాయి. అది పాడైపోయిన వైన్ కాదు, నెబ్బియోలో తొక్క, గింజల గుణమే అంత. ఆ బిగువు మెత్తబడాలనే బరోలోని కనీసం 38 నెలలు, అందులో 18 చెక్క పీపాల్లో ఆగాకే అమ్మాలన్న నియమం ఉంది. చీజ్ ముక్క తిని మళ్లీ తాగితే తేడా వెంటనే తెలుస్తుంది.

ఉమ్మడానికి పాత్ర పెడతారు, వాడుకోండి. అక్కడ దాన్ని ఎవరూ అమర్యాద అనుకోరు, వృత్తిలో ఉన్నవాళ్లంతా చేసేది అదే. తాగనివాళ్లు సెల్లారు (వైన్ నిల్వ ఉంచే నేలమాళిగ) చూసి, వాసన చూసి, ఆ కథ విని రావచ్చు. బుక్ చేసేటప్పుడే చెప్తే టేస్టింగ్ రుసుము తగ్గించి, ద్రాక్షరసం ఏర్పాటు చేసే వాళ్లు ఉంటారు. గ్రింజానె కవూర్ కోట, బరోలో కోటలోని వైన్ మ్యూజియం అందరికీ బాగుంటాయి.

10. సీసాలు ఇంటికి తేవడం

భారత్‌కి ఒక్కో ప్రయాణికుడు రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తేవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే లీటరున్నర, మూడైతే పరిమితి దాటుతుంది. సీసాలు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. తయారీదారుడిని అడిగితే అట్టపెట్టె ఇస్తాడు. సీసాని ప్లాస్టిక్ కవర్లో వేసి, ఉన్ని సాక్సులో దూర్చి, పెట్టె మధ్యలో బట్టల నడుమ పడుకోబెట్టండి, అంచులకి తగలనివ్వొద్దు. మూసిన పెట్టెని ఒకసారి అటూ ఇటూ ఊపి చూడండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే విప్పి మళ్లీ సర్దండి. ఇంటికొచ్చాక బరోలో సీసాని వంటింటి అల్మారాలో పెట్టకండి. మన ఎండాకాలంలో గది వేడికే పాడైపోతుంది, చల్లటి చీకటి చోటు లేకపోతే ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టి, ఆ ఏడాదిలోనే తెరవండి.